మన బట్టలు మరొకరు ఎంచితే: ఆన్‌లైన్ స్టైలింగ్ సేవను తొలిసారి వాడేవారికి సమగ్ర మార్గదర్శి

బట్టల వెబ్‌సైట్ తెరిచి, వందల చొక్కాల బొమ్మలు చూసి చూసి, చివరికి ఏదీ కొనకుండానే మూసేసేవారు చాలామంది ఉంటారు. అలా ఎంచుకోలేక విసిగిపోయేవారికి ఆన్‌లైన్ స్టైలింగ్ సేవ ఒక దారి. మన కొలతలు, ఇష్టాలు, బడ్జెట్ చెబితే ఒక స్టైలిస్ట్ కొన్ని దుస్తులు ఎంచి ఇంటికి పంపుతారు. వేసుకుని చూసి, నచ్చినవాటికి డబ్బు కట్టి, మిగిలినవి తిప్పి పంపేయాలి. ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చిన సంస్థ స్టిచ్ ఫిక్స్. కట్రీనా లేక్ దాన్ని 2011లో అమెరికాలో ప్రారంభించారు. మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఔట్‌ఫిటరీ వచ్చింది. ఆ తర్వాత స్పెయిన్‌లో లుకియెరో మొదలైంది.

వినడానికి ఇంత సులువైన వ్యవహారమే, అయినా మొదటి పెట్టె చూసి పెదవి విరిచేవారు తక్కువేమీ కాదు. ‘నా గురించి ఏమీ తెలియనట్టే పంపారు’ అంటారు. నిజమే, వాళ్లకు తెలియదు. మనం నింపిన ప్రశ్నావళిలో ఎంత ఉందో అంతే తెలుసు. ఈ సేవలో సగం పని మనదేనని నా అభిప్రాయం. ముందు మన గురించి కచ్చితంగా చెప్పాలి. పెట్టె వచ్చాక, ఏది ఎందుకు వద్దో అంతే కచ్చితంగా చెప్పాలి. రెండోది మొదటిదానికన్నా విలువైనది, కానీ దాన్ని పట్టించుకునేవారు తక్కువ.

ఆ సంస్థకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

సేవను ఎంచుకునే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం మూడు నాలుగు రకాలుంటాయి. పెట్టె పంపే సంస్థ తన దగ్గరున్న సరుకునే అమ్ముతుంది. మీరు బట్టలు ఉంచుకుంటేనే దానికి లాభం. సలహా మాత్రమే ఇచ్చే స్టైలిస్టులు ఫీజు తీసుకుని, వీడియోలోనో చాట్‌లోనో మాట్లాడి, ఏమేం కొనాలో జాబితా ఇస్తారు. కొనడం మీ ఇష్టం. కొన్ని జాబితాల్లోని లింకుల ద్వారా కొంటే స్టైలిస్ట్‌కు కమిషన్ ముడుతుంది. అది తప్పేమీ కాదు గానీ, ముందే తెలిసి ఉండాలి. అద్దె సేవలది వేరే లెక్క. 2009లో మొదలైన రెంట్ ద రన్‌వే లాంటివి బట్టలు కొన్నాళ్లు వాడుకోవడానికిస్తాయి. ఏదైనా వేడుక కోసం ఒక్కసారి వేసుకునే దుస్తులు కావాలంటే స్టైలింగ్ పెట్టె కన్నా అద్దె సేవే మేలు.

మొదటిసారి ప్రయత్నించేవారికి పెట్టె సేవే నయం. బట్టను చేత్తో తాకి, ఒంటిమీద వేసుకుని చూసుకోవచ్చు. ఇప్పటికే బీరువా నిండిపోయి ‘వేసుకోవడానికి ఏమీ లేదు’ అనుకునేవారికి మాత్రం పెట్టె పనికిరాదు. వాళ్లకు కావలసింది కొత్త బట్టలు కాదు, ఉన్నవాటిని ఎలా కలిపి వేసుకోవాలో చెప్పే సలహాదారు.

షరతులు చదవడం విసుగే, అయినా ఈ నాలుగింటిని వదలకండి. ఒకటి, స్టైలింగ్ ఫీజు ఉందా, ఏదైనా కొంటే బిల్లులో సర్దుబాటు చేస్తారా. రెండు, పెట్టె చేరిన నాటి నుంచి ఎన్ని రోజుల్లో తేల్చి చెప్పాలి. కొన్ని సేవలు మూడు రోజులే ఇస్తాయి, గడువు దాటితే అన్నీ ఉంచుకున్నట్టే లెక్కగట్టి కార్డు నుంచి డబ్బు తీసుకుంటాయి. మూడు, తిప్పి పంపే కొరియర్ ఖర్చు ఎవరిది. నాలుగు, ఒక్కసారికేనా లేక నెలనెలా దానంతటదే వచ్చే సబ్‌స్క్రిప్షనా. నాలుగోది చాలా చోట్ల ముందే టిక్ పెట్టి ఉంటుంది. తీసేయండి. నచ్చితే తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఈ రంగంలో సంస్థలు మూతపడటం కొత్త కాదు. అమెరికా దుకాణాల సంస్థ నార్డ్‌స్ట్రామ్, 2014లో తాను కొన్న ట్రంక్ క్లబ్ అనే పెట్టె సేవను 2022లో మూసేసింది. నచ్చినవి ఉంచుకుని మిగిలినవి పంపే సౌకర్యాన్ని అమెజాన్ కూడా 2025 జనవరిలో నిలిపివేసింది. అందుకే ఏ సేవలోనైనా పెద్ద మొత్తాలు ముందుగా కట్టి, గిఫ్ట్ కార్డుల రూపంలో దాచుకోవద్దు.

ప్రశ్నావళి తెరిచే ముందు బీరువా తెరవండి

స్టైలిస్ట్ అడిగే ప్రశ్నలకు జవాబులు మన ఊహల్లో కాదు, మన బీరువాలో ఉంటాయి. తీరిగ్గా కూర్చుని మూడు గుట్టలు వేయండి. ఉతికి ఆరగానే మళ్లీ చేయి వెళ్లే బట్టలు ఒక గుట్ట. సైజు సరిపోయినా ఎందుకో వేసుకోనివి రెండో గుట్ట. ఇష్టమే గానీ జతకు ఏమీ దొరక్క పక్కన పడి ఉన్నవి మూడోది.

మొదటి గుట్టను చూస్తే మీ అసలు అభిరుచి బయటపడుతుంది. అది మీరు చెప్పుకునే అభిరుచి కాకపోవచ్చు. ముదురు రంగులు బోరని అనేవారి దగ్గర అందులో ముప్పావు వంతు ముదురు నీలమే కనిపిస్తుంది. ఆ బట్టల్లో ఏం కలుస్తున్నాయో చూడండి. మెడ కోత ఎలా ఉంది, చేతులు ఎక్కడిదాకా వచ్చాయి, గుడ్డ మెత్తనిదా బిరుసుదా, ప్యాంటు నడుముపట్టీ బొడ్డుకు పైనా కిందా. ఇవి రాసుకోండి.

నన్నడిగితే స్టైలిస్ట్‌కు ఎక్కువ పనికొచ్చేది రెండో గుట్ట. సరిపోయి కూడా వేసుకోని ప్రతి బట్ట వెనకా ఒక కారణం ఉంటుంది. చేయి పైకెత్తితే చొక్కా ప్యాంటులోంచి బయటికి వచ్చేస్తుంది. జేబులు లేవు. ఇస్త్రీ చేయకపోతే వేసుకోలేం. మెడ దగ్గర ట్యాగు గుచ్చుకుంటుంది. కూర్చుంటే బొత్తాల మధ్య సందు విచ్చుకుంటుంది. ఇవన్నీ ‘నాకు పంపకండి’ అనే జాబితాలోకి వెళ్లాల్సినవే. మూడో గుట్ట మీ మొదటి ఆర్డర్‌ను చెబుతుంది. అందులోని బట్టలకు జత కుదిర్చేవి అడిగితే కొత్తగా వచ్చిన ఒక్క చొక్కా పాత ప్యాంటులు రెండింటిని బయటికి తెస్తుంది.

కొలతలు: ట్యాగు మీది అంకెను నమ్మకండి

ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ ఎందుకవుతుందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1939, 1940లలో అమెరికా వ్యవసాయ శాఖ దాదాపు 15 వేలమంది మహిళల శరీర కొలతలు తీయించింది. ఆ వివరాలను 1941లో ప్రచురించింది. వాటి ఆధారంగా 1958లో స్త్రీల దుస్తులకు ఒక ప్రామాణిక సైజు పట్టిక వచ్చింది. దాన్ని పాటించడం తప్పనిసరి కాదు. 1983లో దాన్ని ఉపసంహరించారు. ఎవరి పట్టిక వాళ్లది కావడంతో, కొనేవారిని సంతోషపెట్టడానికి పెద్ద బట్టకు చిన్న అంకె వేయడం కూడా మామూలైపోయింది. కాబట్టి ‘నాది మీడియం’ అనే మాట స్టైలిస్ట్‌కు పెద్దగా ఏమీ చెప్పదు.

సాగని, మెత్తని టేపు తీసుకోండి. దర్జీల దగ్గర ఉండే 150 సెంటీమీటర్ల టేపు చాలు. పలుచని బట్టల మీద, మామూలుగా ఊపిరి తీసుకుంటూ కొలవండి. పొట్ట లోపలికి లాక్కుంటే మోసపోయేది మనమే. ఛాతీని అన్నింటికన్నా ఎత్తుగా ఉన్న చోట కొలవాలి. టేపు వీపు మీద కిందికి జారకుండా నేలకు సమాంతరంగా ఉండాలి. అందుకే ఎవరైనా పక్కన ఉంటే మంచిది, లేకపోతే అద్దం ముందు నిలబడండి. నడుము ఎక్కడుందో తెలియకపోతే ఒక పక్కకు వంగండి. ఎక్కడ మడత పడితే అదే నడుము. తుంటి కొలతకు పాదాలు దగ్గరగా పెట్టి, పిరుదులు బాగా ఎత్తుగా ఉన్న చోట చుట్టాలి. భుజాలకు వీపు వైపు నుంచి ఒక ఎముక కొన నుంచి రెండో ఎముక కొనదాకా. చేతి పొడవుకు మోచేయి కొద్దిగా వంచి, భుజం ఎముక నుంచి మణికట్టుదాకా.

ఒంటి కొలత ఒక్కటే సరిపోదు. మీకు బాగా కుదిరిన చొక్కా ఒకటి తీసి, బొత్తాలు పెట్టి బల్ల మీద ముడతలు లేకుండా పరచండి. ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టుదాకా కొలిచి, రెట్టింపు చేయండి. ఉదాహరణకు మీ ఛాతీ 96 సెంటీమీటర్లు, చొక్కా 106 వచ్చిందనుకోండి. అంటే మీకు హాయిగా అనిపించే వదులు పది సెంటీమీటర్లు. ఈ ఒక్క అంకె స్టైలిస్ట్‌కు చాలా చెబుతుంది. ‘వదులుగా ఇష్టం’, ‘మరీ వదులు వద్దు’ లాంటి మాటలకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం ఉంటుంది, పది సెంటీమీటర్లకు ఒకటే అర్థం. నచ్చిన ప్యాంటును కూడా ఇలాగే కొలవండి. నడుముపట్టీ వెడల్పు, కాళ్లు కలిసే చోటి కుట్టు నుంచి ముందు నడుముపట్టీ పైఅంచుదాకా ఎత్తు, అదే కుట్టు నుంచి కింది అంచుదాకా లోపలి పొడవు, తొడ దగ్గర వెడల్పు రాసుకోండి. ప్యాంటు కుదరకపోవడానికి ఆ ముందరి ఎత్తు కూడా ఒక కారణం కావచ్చు. విచిత్రమేమిటంటే చాలా ప్రశ్నావళులు దాన్ని అడగనే అడగవు. మీరే రాసి పంపాలి.

ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద తేదీతో సహా రాసి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

ప్రశ్నావళి నింపడం

చాలా సేవల్లో మన జవాబులు మొదట చదివేది మనిషి కాదు. సైజు, ధర, ‘వద్దు’ అన్న రకాలు, ఇలాంటి అంకెలూ టిక్కులూ చూసి సాఫ్ట్‌వేర్ గోదాములోని సరుకును వడగడుతుంది. వడపోతలో మిగిలినవాటి నుంచి స్టైలిస్ట్ ఎంచుతారు. దీని అర్థం ఏమిటంటే, టిక్కు పెట్టాల్సిన చోట పొరపాటు జరిగితే, కింద ఎంత చక్కటి ఉత్తరం రాసినా దాన్ని సరిచేయడం కష్టం. ఆ బట్ట అసలు స్టైలిస్ట్ కంటికే కనిపించకపోవచ్చు. అందుకే టిక్కుల విషయంలో జాగ్రత్త, ఉత్తరం విషయంలో స్వేచ్ఛ.

ధర పరిమితిని ఒక్కో రకానికి విడివిడిగా చెప్పే వీలుంటే వాడుకోండి. రోజూ తొడుక్కునే ప్యాంటుకు ఎక్కువ పెట్టి, అప్పుడప్పుడు వేసే చొక్కాకు తక్కువ పెట్టడం సబబైన పని. మీరు చెప్పిన గరిష్ఠ ధర దగ్గరికే బట్టలు వస్తాయని అనుకుని పరిమితి పెట్టండి. ‘ఎంతైనా పర్వాలేదు’ అని మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

బొమ్మలు చూపించి ఇష్టమా కాదా అని అడిగే చోట ఒక చిక్కుంది. చూడటానికి ఇష్టమైనదీ, వేసుకోవడానికి ఇష్టమైనదీ ఒకటి కావు. మోడల్ ఒంటిమీద ముచ్చటగా ఉన్న పసుపు కోటుకు ఇష్టమని నొక్కితే, అది మన ఇంటికి వస్తుంది. బొమ్మ చూసినప్పుడల్లా ‘దీన్ని వచ్చే వారం ఏ పనికి వేసుకుంటాను?’ అని అడగండి. జవాబు దొరక్కపోతే వద్దనే నొక్కండి. త్వరలో బరువు తగ్గుతానన్న నమ్మకంతో చిన్న సైజు పెట్టేవారికీ ఇదే మాట. ఈ రోజు ఒంటికి ఈ రోజు బట్టలు.

ఫొటోలు పెట్టమని అడుగుతారు. తప్పనిసరి కాకపోతే, పెట్టకపోయినా నష్టం లేదు. పెడితే స్టైలిస్ట్‌కు కొంత మేలే, ముఖ్యంగా భుజాల వాలు, నిలబడే తీరు కొలతల్లో తెలియవు. ముఖం కనిపించకుండా మెడ నుంచి కింది భాగం ఉన్న ఫొటో చాలు. వెనకాల ఇంటి నంబరు, పిల్లలు, కాగితాలు లేకుండా చూసుకోండి. ఖాతా మూసేటప్పుడు వాటిని తొలగించే వీలుందో లేదో ముందే చూడండి.

స్టైలిస్ట్‌కు రాసే చీటీ

ప్రశ్నావళి చివర ఖాళీగా ఉండే ఆ చిన్న పెట్టెలోనే చాలామంది ‘ఏదైనా ట్రెండీగా పంపండి’ అని రాసి ఊరుకుంటారు. ఆ మాటతో స్టైలిస్ట్ చేయగలిగింది ఏమీ లేదు. ‘ఆఫీసుకు బాగుండేవి’ అన్నా అంతే. ఏ ఆఫీసు? రోజంతా కూర్చునే పనా, తిరిగే పనా? ఏసీ చలికి వణికే చోటా, చెమట పట్టే చోటా?

ఇలా రాస్తే పని జరుగుతుంది:

‘రోజుకు ఎనిమిది గంటలు కూర్చుని పని. గదిలో చలి ఎక్కువ. నా దగ్గర ముదురు నీలం ప్యాంట్లు రెండు, బూడిద రంగుది ఒకటి ఉన్నాయి. వాటి మీదికి రెండు చొక్కాలు, ఒక పలుచని స్వెటర్ కావాలి. చేతులు మడిచి పెట్టుకుంటాను కాబట్టి బిగుతు కఫ్ వద్దు. ఇస్త్రీ ఎక్కువ అడిగే గుడ్డ వద్దు. తెలుపు నా దగ్గర చాలా ఉంది. ఆకుపచ్చ ఎప్పుడూ వేసుకోలేదు, ఒక్కటి ప్రయత్నించడానికి సిద్ధమే.’

చివరి వాక్యం చూడండి. స్టైలిస్ట్‌కు కాస్త చోటు వదలకపోతే మన దగ్గర ఉన్నలాంటివే మళ్లీ వస్తాయి, దానికి ఇంకొకరి సాయం అక్కర్లేదు. అన్నీ వదిలేస్తే మనవి కానివి వస్తాయి. ఒక్క బట్ట విషయంలో మాత్రం తలుపు తెరిచి, మిగిలినవాటికి గీత గీయడమే మొదటి పెట్టెకు మంచి పద్ధతి. అలాగే ఒకేసారి అన్ని అవసరాలూ అడగకండి. ఆఫీసు, పెళ్లి, వ్యాయామం, ప్రయాణం అన్నీ ఒకే చీటీలో ఉంటే ఒక్కోదానికి ఒక్కో ముక్క వస్తుంది, ఏదీ దేనితోనూ కలవదు.

పెట్టె వచ్చిన రోజు

పెట్టె విప్పిన వెంటనే ఫొటో తీయండి. ఏ వస్తువులు వచ్చాయో లోపలి బిల్లుతో సరిచూసుకోండి. గడువు తేదీని ఫోనులో గుర్తు పెట్టండి. ట్యాగులు కత్తిరించకండి. సెంటు, మేకప్, డియోడరెంట్ లేకుండా వేసుకుని చూడండి, మరక పడితే అది మీ సొంతమైనట్టే.

పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూడటం మంచిది. బల్బు వెలుగులో నల్లగా కనిపించిన ముదురు నీలం ఎండలో వేరుగా ఉంటుంది. ఆ బట్టల కిందికి ఏ చెప్పులు, బూట్లు వేస్తారో అవే వేసుకోండి, ప్యాంటు పొడవు సంగతి అప్పుడే తెలుస్తుంది.

అద్దం ముందు కదలకుండా నిలబడితే దాదాపు ఏ బట్టయినా బాగానే ఉంటుంది. కదిలితేనే లోపాలు బయటపడతాయి. రెండు చేతులూ ముందుకు చాచి ఎవరినో కౌగిలించుకున్నట్టు పెట్టండి. వీపు మీద గుడ్డ పట్టేస్తే భుజాలు ఇరుకు. చేతులు పైకెత్తండి. చొక్కా మొత్తం పైకి లేస్తే చంక కోత మరీ కిందికి ఉందన్నమాట. కుర్చీలో కూర్చుని ఫోను చూస్తున్నట్టు ముందుకు వంగండి. బొత్తాల మధ్య సందు వస్తుందా, నడుముపట్టీ పొట్టలోకి దిగుతుందా, వెనక నడుము దగ్గర ఖాళీ కనబడుతుందా చూడండి. జేబులో ఫోను పెట్టి నాలుగడుగులు వేయండి. అలా పది నిమిషాలు ఇంట్లో తిరిగితే, గుచ్చుకునేదేదో తెలిసిపోతుంది.

భుజం కుట్టు విషయంలో రాజీ పడకండి. కుట్టు భుజం ఎముక కొన దగ్గరే ఉండాలి (కావాలని భుజం జార్చి కుట్టిన రకాలు వేరు). పొడవు తగ్గించడం, నడుము పక్కల బిగించడం దర్జీకి చిన్న పని. భుజాలు సరిచేయాలంటే చేతులు విప్పి మళ్లీ కుట్టాలి, ఖర్చూ ఎక్కువే, ఫలితం మీద నమ్మకం తక్కువ. ఇరుకైన బట్టను వదులు చేయడానికి లోపల కుట్టు పక్కన వదిలిన గుడ్డ ఉండాలి. బట్ట తిరగేసి చూడండి, చాలా రెడీమేడ్ బట్టల్లో అది ఒక సెంటీమీటరుకు మించి ఉండదు.

తిరగేసినప్పుడే మిగతావీ చూసేయండి. కుట్లు దగ్గరగా, నిటారుగా ఉన్నాయా, గీతల గుడ్డ అయితే పక్క కుట్టు దగ్గర గీతలు కలిశాయా, బొత్తాలు గట్టిగా ఉన్నాయా. ఉతుకు గుర్తుల పట్టీ చదవండి. నీళ్ల తొట్టి బొమ్మ మీద కొట్టివేత ఉంటే ఇంట్లో ఉతకకూడదని, ఖాళీ వృత్తం ఉంటే డ్రై క్లీనింగ్ అని అర్థం. ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాల్సిన బట్ట ధర, బిల్లు మీద రాసిన ధర ఒకటి కాదు. వంద శాతం కాటన్ అయితే మొదటి ఉతుకులో కొంత కుదించుకుపోవచ్చు. ఇప్పటికే సరిగ్గా సరిపోతుంటే ఆలోచించండి.

ఆఖరున, ప్రతి కొత్త బట్టనూ మీ బీరువాలోని పాత బట్టలతో వేసి చూడండి. కనీసం మూడు జతలు కుదరాలి. పెట్టెలోని చొక్కా పెట్టెలోని ప్యాంటుతోనే కుదురుతుంటే, అది మీకు ఎంచినట్టు కాదు.

లెక్క వేసుకుని ఉంచుకోండి

పెట్టెలోవన్నీ ఉంచుకుంటే పెద్ద తగ్గింపు ఇస్తామని కొన్ని సేవలు అంటాయి. స్టిచ్ ఫిక్స్ ఐదు వస్తువుల పెట్టెకు 25 శాతం తగ్గింపుతో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఇది ఎప్పుడు లాభమో, ఎప్పుడు ఎరో తేల్చడం కష్టమేమీ కాదు. ఐదింటి ధరా సమానమే అనుకుంటే, 25 శాతం తగ్గించాక ఐదింటికి కట్టేది మూడుముప్పావు వస్తువుల ధర. నాలుగు నచ్చితే ఐదోదాన్ని కూడా ఉంచుకోవడమే చవక. మూడే నచ్చితే మిగతా రెండింటి కోసం ముప్పావు వస్తువు ధర అదనంగా పెడుతున్నట్టు. తగ్గింపు 20 శాతమే అయితే ఐదింటి ధర సరిగ్గా నాలుగింటి ధరకు సమానం. నిజంలో ధరలు సమానంగా ఉండవు కాబట్టి, కచ్చితంగా కావాలనుకున్నవాటి మొత్తం, తగ్గింపు తర్వాత అన్నింటి మొత్తం పక్కపక్కన రాసి చూడండి. రెండోది తక్కువైతే సంశయం అక్కర్లేదు. ఎక్కువైతే ఆ తేడా వద్దనుకున్న బట్టలకు మీరు కడుతున్న ధర.

స్టైలింగ్ ఫీజు పోతుందన్న బాధతో ఒక అంతంతమాత్రపు చొక్కా ఉంచుకునేవారున్నారు. ఫీజు స్టైలిస్ట్ సమయానికి కట్టింది. దాన్ని రాబట్టుకోవడానికి ఇంకొంత పోగొట్టుకోనక్కర్లేదు. ఏదీ నచ్చకపోతే అన్నీ తిప్పి పంపండి.

వద్దన్నదానికి కారణం రాయండి

తిప్పి పంపేటప్పుడు కారణం అడుగుతారు. ‘నచ్చలేదు’ అని నొక్కి పంపేస్తే, ఫీజు కట్టి తెచ్చుకున్న అనుభవం వృథా అయినట్టే. స్టైలిస్ట్‌కు రెండు సంగతులు విడివిడిగా కావాలి: లోపం కొలతదా, అభిరుచిదా? కొలత లోపమైతే అదే రకం వేరే సైజులో పంపవచ్చు. అభిరుచి వేరైతే ఆ రకమే పంపకూడదు. రెండూ కలిపేస్తే మంచి రకం కూడా జాబితాలోంచి పోతుంది.

‘చొక్కా బాగాలేదు’ అనడానికి బదులు ఇలా: ‘రంగు, గుడ్డ రెండూ బాగున్నాయి. ఛాతీ దగ్గర సరిపోయింది. చేతులు మణికట్టు దాటి మూడు సెంటీమీటర్లు ఎక్కువ. చేతుల పొడవు ఆ మేరకు తక్కువున్నది అయితే ఉంచుకునేదాన్ని.’ లేదా: ‘కొలత అన్ని చోట్లా కుదిరింది. పెద్ద పువ్వుల డిజైన్ నాకు పొసగదు. చిన్నవి, ఒకే రంగులోవి అయితే పర్వాలేదు.’ ప్యాంటుకు: ‘నడుము సరే. కూర్చున్నప్పుడు వెనక జారింది. ముందరి ఎత్తు 24 సెంటీమీటర్లు వచ్చింది, నాకు 27 కావాలి.’

ఉంచుకున్నవాటి గురించి కూడా రాయండి. ‘ఇది ఎందుకు నచ్చిందంటే’ అన్న ఒక్క వాక్యం రెండో పెట్టెకు పునాది. మొహమాటపడి మంచిగా రాయాల్సిన అవసరమూ లేదు, విసుగ్గా తిట్టిపోయాల్సిన అవసరమూ లేదు. అటుపక్క ఉన్నవారికి మీ కోపం కన్నా మీ సెంటీమీటర్లు ఎక్కువ పనికొస్తాయి.

తిప్పి పంపడం

వచ్చినట్టే మడతపెట్టి, వాళ్లిచ్చిన సంచిలోనే పెట్టండి. ఉంచుకున్న వస్తువు పొరపాటున అందులోకి వెళ్లిపోకుండా, మీ సొంత బట్ట కూడా వెళ్లకుండా ఒక్కసారి చూసుకోండి. జేబులు తడమండి. కొరియర్ రసీదు, ట్రాకింగ్ నంబరు ఫొటో తీసి, డబ్బు సర్దుబాటు అయ్యేదాకా ఉంచండి. చెల్లింపు తప్పుగా పడితే ముందు రాతపూర్వకంగా అడగండి. పెట్టె విప్పినప్పుడు తీసిన ఫొటో అప్పుడు అక్కరకొస్తుంది.

రెండో పెట్టె, ఆ తర్వాత

మొదటి పెట్టెలో ఐదింటికి ఒకటో రెండో నచ్చితే తెప్పించుకోవడం దండగ కాదు. అసలు పరీక్ష రెండోదే. మీరు రాసిన కారణాలు అందులో కనబడాలి. ముందరి ఎత్తు గురించి రాసినా మళ్లీ 24 సెంటీమీటర్ల ప్యాంటే వస్తే, మీ మాట ఎవరూ చదవడం లేదన్నమాట. వేరే స్టైలిస్ట్‌ను కేటాయించమని అడగండి, చాలా సేవల్లో ఆ వీలుంటుంది. వాళ్ల గోదాములో మీ కొలతలకు సరుకే తక్కువగా ఉండే అవకాశం కూడా లేకపోలేదు. బాగా పొడవైనవారికి, బాగా పొట్టివారికి, పెద్ద సైజులవారికి ఇది తరచూ ఎదురయ్యే ఇబ్బంది. అప్పుడు స్టైలిస్ట్‌ను మార్చి లాభం లేదు, ఆ సైజులకే ప్రత్యేకించిన సేవను చూసుకోవాలి. రెండు పెట్టెల మధ్య కాస్త వ్యవధి ఉంచండి. ఉంచుకున్న బట్టలు నాలుగైదు ఉతుకులు తిన్నాకే వాటి అసలు రంగు తెలుస్తుంది, ఆ సంగతి తర్వాతి చీటీలో రాయవచ్చు.

మూడో పెట్టెలోనూ మార్పు లేకపోతే ఆపేయండి. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన సందేశం దాచుకోండి. ఖాతాలో మిగిలిన మొత్తం ఏదైనా ఉంటే ముందే వాడేసుకోండి. కార్డు వివరాలు తీసేయండి. ఫొటోలు, కొలతలు తొలగించమని సంస్థకు రాతపూర్వకంగా అడగండి. వెళ్లే ముందు, మీ గురించి వాళ్ల దగ్గర చేరిన వివరాలన్నీ, ముఖ్యంగా ఏ కంపెనీ ఏ సైజు మీకు కుదిరిందన్న జాబితా, మీ ఫోనులోకి కాపీ చేసుకోండి. రేపు మరో సేవలో చేరినా, మీరే సొంతంగా కొనుక్కున్నా ఆ జాబితానే ముందు తెరుస్తారు.